లద్దాఖ్ ప్రయాణానికి క్యాంపర్ వ్యానులో డీజిల్ హీటరు: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

ప్రశ్న (అనంతపురం)

మిత్రులకు నమస్కారం. మా పాత ట్రావెలర్ వ్యానులో సీట్లు తీసేసి రెండు పడకలు, చిన్న వంటగట్టు, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ పెట్టుకుని ఏడాది కావస్తోంది. మన ఎండలకు తట్టుకోవాలని పైకప్పుకూ గోడలకూ రబ్బరు ఫోమ్ అంటించాము గానీ, చలి సంగతి ఆలోచించవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. ఇప్పుడు సెప్టెంబరు నెలాఖరున, మా ఊరి పక్కనుంచే పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని శ్రీనగర్ దాకా, అక్కడి నుంచి జోజిలా కనుమ మీదుగా లేహ్‌కు వెళ్లి, పది పన్నెండు రాత్రులు బండిలోనే పడుకోవాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాము. 2 కిలోవాట్ల డీజిల్ హీటరుకూ 5 కిలోవాట్ల హీటరుకూ ధరలో పెద్ద తేడా కనిపించడం లేదు. అలాంటప్పుడు పెద్దదే తీసుకోవడం మేలు కదా? వంటకు సిలిండరు ఎలాగూ ఉంటుంది కాబట్టి గ్యాసు హీటరు సరిపోదా? బిగించడం మా ఊరి మెకానిక్ వల్ల అవుతుందా?

సమాధానం (కర్నూలు)

గ్యాసు ఆలోచన మానుకోండి సార్. మన వంటగ్యాసులో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి, వేడి బాగా కావలసిన వేళకే సిలిండరులో ఒత్తిడి పడిపోతుంది. డీజిల్ హీటరుకు ఆ బెడద లేదు, పైగా దాని ఇంధనం బండి ట్యాంకులోనే ఉంటుంది.

పెద్దది మేలన్నది మాత్రం పొరపాటు. ఫోమ్ అంటించిన ట్రావెలర్‌కు 2 కిలోవాట్లు చాలు. 5 కిలోవాట్లది పెడితే పావుగంటలో లోపల ఉడికిపోయి, మిగతా రాత్రంతా అది అతి సన్నని మంట మీదే నడుస్తుంది. సన్నని మంట మీద డీజిల్ పూర్తిగా కాలక, డీజిల్‌ను రాజేసే గ్లో ప్లగ్ చుట్టూ ఉండే జాలీకి మసి పడుతుంది. 2 కిలోవాట్లది సన్న మంట మీద గంటకు సుమారు 100 మిల్లీలీటర్లు తాగుతుంది, అంటే రాత్రికి లీటరు. కరెంటు కూడా రాజేసేటప్పుడు కొన్ని నిమిషాలు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది గానీ, ఆ తరువాత ఒకటి రెండు ఆంపియర్లకు మించదు. మీ బ్యాటరీ చాలు.

మీరు అడగని విషయం ఒకటుంది, అసలు చిక్కు అందులోనే ఉంది. లేహ్ సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే, అంటే మంటకు అందే ప్రాణవాయువు తక్కువ. హీటరుకు డీజిల్ అందించే పంపుకు ఆ సంగతి తెలియక అంతే డీజిల్ పోస్తూ ఉంటే నల్లపొగ, మసి, చివరకు మొరాయింపు తప్పవు. చాలా హీటర్లు 1500 మీటర్ల వరకే నిశ్చింతగా నడుస్తాయి. కాబట్టి వెబాస్టో, ఎబర్‌స్పేషర్ వంటి ఖరీదైనవి కొన్నా, చైనా రకం కొన్నా, ఎత్తును బట్టి డీజిల్ తగ్గించే సెన్సరు గానీ, పంపు వేగాన్ని మనమే తగ్గించుకునే వీలు గానీ ఉందో లేదో చూసి మరీ కొనండి.

సమాధానం (కడప)

పై మిత్రుడి మాటతో ఏకీభవిస్తూ, బిగించడం గురించి నా అనుభవం రాస్తున్నాను. హిమాచల్‌లోని స్పితి లోయ ప్రయాణం కోసం నా బండికి ఒక వర్క్‌షాపులో హీటరు పెట్టించాను. పని నీటుగానే కనిపించింది. కాజా దగ్గర మూడో రాత్రి, ఒక గోడను ఆనుకుని బండి నిలిపి పడుకున్నాము. రాత్రి రెండు గంటలకు కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. తలుపులు తెరిచి, హీటరు ఆపి, తెల్లవారాక బండి కిందకు దూరి చూస్తే పొగగొట్టం బండి అంచు దాకా రాకుండా అడుగుభాగం మధ్యలోనే ఆగిపోయింది. ఆ పొగ నేల పలకలోని వైర్ల రంధ్రం గుండా పైకి వచ్చింది. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయింది జనరేటరు నుంచి లోపలికి చేరిన ఈ వాయువు వల్లనే.

కాబట్టి హీటరును సీటు కింద పెట్టినా, దాని పొగగొట్టం, మంటకు గాలి పీల్చుకునే గొట్టం రెండూ నేల పలక కిందనే, బయటే ఉండాలి. వాటి అతుకు ఏదీ బండి లోపల ఉండకూడదు. పొగగొట్టం బండి పక్క అంచు వరకు రావాలి, దాని మూతి ముందుకు తిరగకూడదు, గాలి పీల్చే గొట్టానికి దూరంగా ఉండాలి. నేలకు చేసిన రంధ్రాలన్నీ వేడిని తట్టుకునే సీలెంటుతో పూడ్చాలి. డీజిల్ పంపును పడుకోబెట్టి బిగిస్తే గాలి బుడగలు అందులోనే చిక్కుకుంటాయి. బయటికి పోసే కొస పైకి ఉండేలా ఏటవాలుగా పెట్టించండి. డీజిల్ తీసే గొట్టం ట్యాంకు అడుగు దాకా పోకూడదు, అప్పుడే హీటరు ఎంత తాగినా బండి నడవడానికి కొంత మిగులుతుంది.

మీ మెకానిక్ ఇదివరకు ఈ పని చేసి ఉండకపోయినా ఫరవాలేదు. పనితనం కంటే, హీటరుతో వచ్చిన పుస్తకం చదివే ఓపిక ఉన్నవాడా కాదా అన్నది చూసుకోండి.

ప్రశ్న వేసినవారు (అనంతపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. 2 కిలోవాట్లదే తీసుకుంటాను. అలారం ఇప్పటిదాకా నా జాబితాలోనే లేదని ఒప్పుకోవాలి. ఇంకొక సందేహం: ఆ చలికి డీజిల్ గడ్డకడుతుందంటారు, నిజమేనా? బయలుదేరే ముందు ఇక్కడే నడిపి చూడవచ్చా?

సమాధానం (కర్నూలు)

మీరు వెళ్లే నాటికి అంత చలి ఉండదు. ప్రయాణం డిసెంబరుకు జరిగితే మాత్రం కింది మైదానాల్లో నింపుకున్న డీజిల్‌తో పైకి పోవద్దు. లద్దాఖ్ కోసం 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ తెచ్చిన చలికాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. లిథియం బ్యాటరీని సున్నాకు దిగువన చార్జి చేయకూడదు కాబట్టి దాన్ని వెచ్చటి చోటే ఉంచండి.

నడిపి చూడటం తప్పనిసరి. అయితే కావలసిన వేడి 25 డిగ్రీలని పెడితే, మన ఊళ్లలో గది అప్పటికే 38 దగ్గర ఉంటుంది కాబట్టి అది రాజుకోనే రాజుకోదు, మీరేమో చెడిపోయిందనుకుంటారు. పంపు వేగాన్ని నేరుగా ఎంచుకునే పద్ధతిలో పెట్టి, తలుపులు తెరిచి, అరగంట పూర్తి మంట మీద నడపండి. ఆపేటప్పుడు కంట్రోలరు మీదనే ఆపండి. లోపలి ఫ్యాను చల్లబరిచే నాలుగైదు నిమిషాలు పూర్తి కాకుండా బ్యాటరీ స్విచ్ కట్టేస్తే హీటరు లోపలి భాగాలు మాడిపోతాయి.