ఫోన్‌లో మ్యాప్ ఉండగా సందర్శకుల సమాచార కేంద్రాలు దండగేనా?

మైలురాయి: దండగే అంటాను. కౌంటరు అద్దె, జీతాల డబ్బుతో వీధుల్లో మంచి సూచిక బోర్డులు పెట్టొచ్చు. లండన్‌లో 2007లో మొదలైన ‘లెజిబుల్ లండన్’ బోర్డులు చూడండి. మనం ఎటు తిరిగి నిలబడితే ఆ వైపే మ్యాప్‌లో పైకి ఉంటుంది. 5 నిమిషాల్లో ఎంత దూరం నడవొచ్చో వలయం గీసి చూపిస్తారు. మిగతాది ఫోన్ చూసుకుంటుంది.

నాలుగురోడ్లు: ఫోన్ మీద అంత భరోసా వద్దండీ. ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది, దాంతో నీలిచుక్క పక్కవీధిలోకి గెంతుతుంది. చుట్టూ ఉక్కు ఉంటే బాణం దిక్కూ తప్పుతుంది. భూగర్భ స్టేషన్ మెట్లెక్కి బయటపడగానే ఈ రెండు తప్పులూ ఒకేసారి ఎదురవుతాయి, కొత్తవాళ్లు ఎదురుదిక్కుకు బయల్దేరేదీ అక్కడే.

కౌంటర్లో పని తెలిసినవాళ్లుంటే ముందు మూడే అడుగుతారు: టైమెంతుంది, సామానెంత, ఎంత దూరం నడవగలరు? తర్వాత కాగితం మ్యాప్‌ను వచ్చినవాళ్ల వైపు తిప్పి, తలుపు బయట కనిపించే రోడ్డుతో సరిపెడతారు. ఉన్న చోటు, బస చేసే చోటు పెన్నుతో చుట్టి, మధ్యలో ఒక్క పెద్ద రోడ్డు, రెండు కొండగుర్తులు పెడతారు. అంతకు మించి గీస్తే అంతా గజిబిజే. చివర్లో దారిని వాళ్ల నోటితోనే చెప్పిస్తారు. తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు కదా!

సందుచివర: అలా పనిచేస్తే ఎవరు కాదంటారు? టూర్ టిక్కెట్ల కమీషన్‌తో బతికే కౌంటరు మామూలు సిటీ బస్సు నంబరు చెబుతుందా? ఇంకోటి, చోటు. విమానాశ్రయంలో అయితే కౌంటరు, సామాను తీసుకునే చోటు దాటాక, ట్యాక్సీ క్యూ కంటే ముందు ఉండాలి. బయటి తలుపు దాటాక కనిపిస్తే ఎవరూ వెనక్కి రారు.

మైలురాయి: నోటితో చెప్పించడం బాగుంది, ఒప్పుకుంటా. కానీ లెక్క చూడండి. మనిషికి 5 నిమిషాలంటే ఒక్కో కౌంటరుకు గంటకు 12 మందే. రైలు దిగేది వందల్లో.

నాలుగురోడ్లు: వందల మందికీ కౌంటరు అక్కర్లేదండీ. టాయిలెట్ ఎక్కడ, టిక్కెట్ ఎక్కడ అనేవాళ్లకు క్యూ బయటే ఒకరు నిలబడి జవాబిచ్చి పంపేయాలి. క్యూ పక్క గోడకు పెద్ద మ్యాప్ ఉంటే ఇంకొందరు అదే చూసుకుని వెళ్లిపోతారు. కౌంటరు దాకా రావలసింది చిక్కు ప్రశ్నలే. కమీషన్ సంగతి మాత్రం సందుచివర గారు చెప్పిందే నిజం, టిక్కెట్ల అమ్మకం వేరే కిటికీకి మార్చాల్సిందే.