బాపుకు సీజేడీ (క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ అనే మెదడు జబ్బు) అంటున్నరు, ఇది మాకు కూడా వస్తదా? జీన్ టెస్ట్ చేయించాలెనా?

భూపాలపల్లి_బిడ్డ:
అందరికీ నమస్తే. మాది భూపాలపల్లి, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. మా బాపుకు 62 ఏండ్లు, సింగరేణిల చేసి రిటైర్ అయిండు. మొన్న దసరా దాకా మంచిగనే ఉండె, జమ్మి చేతిల పెట్టి గల్లీల అందరికి అలయ్ బలయ్ ఇచ్చి వచ్చిండు. దీపావళి అయినంక ఒకరోజు కూరగాయలకని స్కూటీ మీద పోయి చౌరస్తా కాడ ఆగి నాకు ఫోన్ జేసిండు, ఇంటికి ఏ దిక్కు రావాలెరా అని. ఐదారేండ్ల సంది రోజు తిరిగే రోడ్డు అది. మొదట చూపించిన కాడ డిప్రెషన్ అని నెలన్నర గోలీలు ఇచ్చిన్రు. సంక్రాంతి వరకు గోడ పట్టుకుని నడుసుడు, ఇప్పుడు మంచమే. వంటింట్ల గిన్నె కింద పడ్డదంటే చాలు, నిద్రల ఉన్నా సరే ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడ్తది. హైదరాబాద్ తీస్కపోతే ఎంఆర్ఐ చూసి, వెన్నుల నీళ్లు తీసి, సీజేడీ అనుకుంటున్నం అన్నరు, మందు లేదన్నరు.

అసలు భయం ఏందంటే, మా నాయినమ్మ కూడా నేను పుట్టిన యేడు గిట్లనే మూడు నెలల్ల పోయిందట, యాభై అయిదు ఏండ్లకే. అప్పుడు గాలి సోకిందని ఐనవోలు మల్లన్నకు మొక్కి పట్నం వేయించిన్రట. అంటే ఇది వరుసగా వస్తున్నట్టేనా? నాకు 33, చెల్లెకు మా మేనమామ కొడుకుతోనే సంబంధం ఖాయమైంది, మేనరికం వల్ల ఇంకా ఎక్కువ వస్తదా? చుట్టాలేమో అంటురోగం అని ఇంటికి వస్తలేరు, అమ్మ బాపు కంచం వేరే పెట్టుడు మొదలువెట్టింది. నేను, చెల్లె రేపే పోయి టెస్ట్ చేయించుకోవాలెనా? తెలిసినోళ్లు చెప్పున్రి.

న్యూరో_పీజీ:
అన్నా, చదువుతుంటే బాధ అయింది. ముందు అమ్మకు చెప్పు, కంచం వేరు అక్కర లేదు. అన్నం తినిపించినా, తడిగుడ్డతో ఒళ్లు తుడిచినా, పక్కల పండుకున్నా ఇది అంటదు. జాగ్రత్త ఎక్కడంటే ఆపరేషన్ కాడ, ముఖ్యంగా మెదడు, కంటి ఆపరేషన్ సామాన్ల కాడ, అందుకే ఎక్కడికి తీస్కపోయినా ఈ జబ్బు అనుమానం ఉందని ముందే చెప్పాలె. బాపు కండ్లు దానం ఇయ్యొద్దు. మీరిద్దరు కూడా సంగతి తేలే దాకా రక్తదానం చేయకున్రి.

రెండోది, గింత జల్దీ మతిమరుపు వచ్చిందంటే నయమయ్యే జబ్బులు కూడా కొన్ని ఉంటయి. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (ఒంట్ల రక్షణ వ్యవస్థే మెదడు మీద పడుడు), బీ12 తక్కువ, థైరాయిడ్, టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకు టీబీ). అవన్నీ చూసి పక్కన పెట్టిన్రా లేదా డాక్టర్‌ను గట్టిగ అడుగు. ఆ ఎగిరిపడుడుకు క్లోనజెపామ్ లాంటియి ఇస్తరు, జబ్బు ఆగదు గని మనిషికి కొంచెం నెమ్మది అయితది.

ఇగ వంశం సంగతి. సీజేడీ ఏడాదికి పది లక్షల మందిల ఒకరికో ఇద్దరికో వస్తది, అందుల 85 శాతం దాకా ఏ కారణం లేకుండ వచ్చేదే, పిల్లలకు పోదు. 10 నుంచి 15 శాతం పీఆర్‌ఎన్‌పీ అనే జీన్‌ల మార్పు వల్ల. అది 20వ క్రోమోజోమ్ మీద ఉంటది, తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని ఒక్క కాపీ వస్తే చాలు, పిల్లల్ల ఒక్కొక్కరికి సగం సగం ఛాన్స్. మేనరికంతో సంబంధం లేదు, రెండు కాపీలు కలిస్తేనే వచ్చే జబ్బులకు మేనరికం ముప్పు. ఇది బాపు తల్లి దిక్కు నుంచి వస్తుండొచ్చు, మేనమామ అమ్మ దిక్కు.

మీ నాయినమ్మ సంగతి విన్నంక జీన్ చూడాల్సిందే అనిపిస్తుంది. కానీ మీది కాదు, బాపుది. ఆయన బతికి ఉన్నప్పుడే రక్తం తీయించి డీఎన్ఏ దాచి పెట్టించు, ఊదా మూత ట్యూబుల రెండు చాలు. ఆయన జీన్‌ల మార్పు లేదని తేలితే మీ ఇద్దరికి టెస్ట్ అవసరమే ఉండదు. ఆయన పోయినంక మీది చూస్తే, మీకు లేదని వచ్చినా అసలు ఆయనకు ఉండెనా లేదా అన్నది తెలువదు, మనసు నిమ్మలం కాదు. ఇంకోటి, ప్యానెల్ టెస్ట్ (మస్తు జీన్లు ఒకేసారి చూసేది) పంపితే ఆ జీన్‌ల రిపీట్లు, అంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చుడు, ఎక్కువైన మార్పును కూడా చూస్తరా అని ల్యాబ్‌ను అడగాలె, కొన్ని టెస్టులల్ల అది తప్పిపోతది. నిమ్స్‌ల మెడికల్ జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ అడుగు.

కరీంనగర్_అక్క:
తమ్మీ, మా అమ్మకు 44 ఏండ్లకే అల్జీమర్స్ వచ్చింది, ప్రిసెనిలిన్ 1 అనే జీన్‌ల మార్పు అని తేలింది. వయసు మీద పడ్డంక వచ్చే మామూలు అల్జీమర్స్ ఇట్ల నేరుగ వంశంల దిగదు, మాది అరుదైన రకం. కొలంబియాల ఫ్రాన్సిస్కో లొపేరా అనే న్యూరాలజిస్ట్ ఇదే జీన్ మార్పున్న పెద్ద కుటుంబాల వెంట ఏండ్లకేండ్లు తిరిగిండట, అక్కడ ఒక్కామెకు మాత్రం మార్పు ఉండి కూడా డెబ్బయిలల్ల గాని మతిమరుపు రాలేదట, చూస్తే ఇంకో జీన్ ఏపీఓఈల అరుదైన మార్పు ఆమెను కాపాడిందని 2019ల తేల్చిన్రు. అది చదివి ఆ రాత్రి ఏడ్చిన నేను, ఆశతోనే.

నేను కౌన్సెలింగ్‌కు పోయినప్పుడు ఆ మేడం ఒక్కటే అడిగింది, "రిజల్ట్ ఉందని వస్తే రేపు పొద్దున లేచి ఏం జేస్తవమ్మా" అని. నా దగ్గర జవాబు లేకుండె. లేచి వచ్చేసిన. మూడేండ్లు అయింది, ఇంకా చేయించుకోలె, చేయించుకోనని కాదు. మా తమ్ముడు చేయించుకున్నడు, పెండ్లి ముందు తెల్వాలెనని. ఇద్దరం కరెక్టే. నువ్వు చెల్లెను ఒత్తిడి పెట్టకు, ఆమెది ఆమె ఇష్టం. చుట్టాలకు ఇప్పుడే చెప్పకు.

తార్నాక_బయాలజీ:
మాది హుజూరాబాద్, హైదరాబాద్‌ల ల్యాబ్‌ల పనిచేస్తున్న. ఈ జబ్బు కథ మొదలైందే ఒక న్యూరాలజిస్ట్‌తోని. స్టాన్లీ ప్రూసినర్ 1972ల ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు సీజేడీ పేషెంట్ ఒకామె వచ్చింది, ఏం చేయలేకపోయిండు, అక్కడి నుంచి పదేండ్లు వెంటపడి 1982ల ఇది వైరస్ కాదు, ప్రోటీన్ అని చెప్పి ప్రియాన్ అని పేరు పెట్టిండు. అది మడత తప్పిన ప్రోటీన్, పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తన లెక్కనే మార్చేస్తదని తర్వాత తేలింది. మస్తు మంది నమ్మలేదు. 1997ల నోబెల్ వచ్చింది.

లండన్‌ల జాన్ కొలింజ్, సైమన్ మీడ్ అనే న్యూరాలజిస్టులు జెనెటిక్స్ దిక్కు పోయిన్రు. ఈ జీన్‌ల 129వ స్థానం కాడ మెథియొనిన్, వాలిన్ (ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాలు) అని రెండు రకాలుంటయి, తల్లి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ ఒక్కటే రకం ఉన్నోళ్లకు సీజేడీ వచ్చే ముప్పు ఎక్కువ. అదే 129 వల్ల జబ్బు మొఖమే మారిపోతది, 178 కాడ ఒకే మార్పు ఉన్న ఇద్దరిల మెథియొనిన్ ఉన్నాయనకు నిద్రే పట్టని జబ్బు, వాలిన్ ఉన్నాయనకు సీజేడీ. నాకు ఇప్పటికీ వింతే. ఇగ పాపువా న్యూగినీల చనిపోయినోళ్లను తినే ఆచారం వల్ల కురు అనే ప్రియాన్ జబ్బు వచ్చి ఊర్లకు ఊర్లు పోయినయి, అక్కడ బతికి బయటపడ్డోళ్లల్ల కొందరికి ఇదే జీన్‌ల 127 కాడ ఒక కొత్త మార్పు ఉందని 2009ల కనుక్కున్నరు. తర్వాత ఎలుకలల్ల పెట్టి చూస్తే వాటికి ప్రియాన్ అంటనే లేదు. మందు వెతికేటోళ్లకు అది పెద్ద దారి.

మందులు లేవంటే ఎవ్వరు పని చేస్తలేరని కాదన్నా. సోనియా వల్లభ్ అని అమెరికాల ఒకామె లా చదివింది, వాళ్లమ్మ ఈ జబ్బుతోనే 2010ల పోయింది, తనకు కూడా మార్పు ఉందని తెలిసి లా వదిలేసి భర్తతోపాటు సైంటిస్ట్ అయింది. మెదడుల ఆ ప్రోటీన్ తయారయ్యుడునే తగ్గించాలెనన్నది వాళ్ల పట్టు. అదే పద్ధతిల వెన్నులకు ఇచ్చే ఒక మందు మనుషుల మీద ట్రయల్‌కు కూడా వచ్చింది. మీ బాపుకు అందకపోవచ్చు, అబద్ధం చెప్పను. నీకు 33.

భూపాలపల్లి_బిడ్డ:
అందరికీ చాలా థ్యాంక్స్. న్యూరో_పీజీ తమ్మీ, నువ్వు చెప్పినట్టు డాక్టర్‌ను అడిగిన, ఆటోఇమ్యూన్ టెస్టులు పంపిన్రట, ఏమీ రాలే. రక్తం నిన్న తీసిన్రు, రెండు ట్యూబులు, నేనే పట్టుకొని నిలబడ్డ. సూది గుచ్చుడుకు బాపు ఎగిరిపడ్తడని చెల్లె భుజాల మీద చేయి వేసి గట్టిగ పట్టుకుంది. రిపీట్ల సంగతి కూడా ల్యాబోళ్లకు రాసి ఇచ్చిన. ఫాం మీద కుటుంబ చరిత్ర అని ఉన్న కాడ నాయినమ్మ పేరు రాసిన, ఆమె పేరు కాయితం మీద రాసుడు నాకు అదే మొదటిసారి.

చెల్లె తనది తెలుసుకోవాలెనంటుంది, నాకింకా తెల్వది. బాపుది వచ్చినంకనే అని ఇద్దరం అనుకున్నం. ఈ పొద్దు అమ్మ బాపు కంచంలనే కలిపి తినిపించి, మిగిలింది తను తిన్నది.