సమస్య: లఘువు గురువయ్యె, గురువేమొ లఘువె యయ్యె

నిర్వాహకుడు: పిల్లలకు ఛందస్సు చెప్పే మాటల నడుమ దొర్లిన ముక్క ఇది; ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. లఘువంటే ఒక మాత్ర కాలం పట్టే పొట్టి అక్షరం, గురువంటే రెండు మాత్రల పొడుగు అక్షరం. తేటగీతి అనే పద్యఛందంలో తనంతట తానే కూర్చుంది, వదలబుద్ధి కాలేదు. పూరణలో చేతులకు పని ఉండాలి: చప్పట్లు, చిటికెలు, అడుగులు, ఏవైనా సరే. గణాల గుర్తుకు చెప్పే ‘యమాతారాజభానసలగం’ వల్లె వేయించే పూరణలు మాత్రం వద్దు.

గణపాఠి:

అమ్మ యను మాట నొకపాప యాలకించి
చేతులను తట్టి చూపెను చిత్రముగను
ద్విత్వమున నున్న మహత్వము తెలిసె నపుడు
లఘువు గురువయ్యె, గురువేమొ లఘువె యయ్యె

యతిప్రియ: గణపాఠి గారూ, ఆలోచన బాగుంది. ‘అ’ ఒక్కటే పలికితే చేయి తట్టి వెంటనే లేస్తుంది, ‘అమ్మ’ అనగానే ‘అ’ మీద ఒక క్షణం ఆగుతుంది. సూత్రం చెప్పకముందే పిల్ల దాన్ని పట్టేస్తుంది. కానీ మూడో పాదంలో ‘మహత్వము’ చూసుకోండి. ‘హ’ లఘువని మీరనుకున్నారు, వెనక ‘త్వ’ వచ్చి దాన్ని గురువు చేసింది. అక్కడ ఉండవలసింది ఇంద్రగణమనే అక్షరాల గుంపు, ఇది అందులో ఏదో మీరే సెలవియ్యాలి. సమస్యను నాలుగో పాదం దాకా రానివ్వకుండా మూడో పాదంలోనే పూరించిన ఘనత మీది!

గణపాఠి: తేల్చి పలికితే సరిపోతుంది.

యతిప్రియ: పద్యంలోని పాపను అడగండి, తేల్చనిస్తుందేమో. ‘అమ్మ’కు ఆగిన చేయి ‘మహత్వము’కు ఎందుకు ఆగదు?

నిర్వాహకుడు: ‘మహిమంబు’ అని మార్చాను. ముందుకు వెళ్దాం. అయితే లఘువు గురువైంది సరే, గురువు లఘువైనదెక్కడ? రెండో సగం గాలిలో ఉంది.

యతిప్రియ: ఆ సగం నా దగ్గరుంది.

పెద్ద దిమ్మెను తొలగించి పిన్న లచట
చిన్న వొక రెండు పెట్టిరి చేరి నవ్వి
పులియె యేనుగై నడచెను పోడిమిగను
లఘువు గురువయ్యె, గురువేమొ లఘువె యయ్యె

నిర్వాహకుడు: పులి ఏనుగు కావడం! శార్దూలమంటే పులి, మత్తేభమంటే ఏనుగు, రెండూ పద్యాల పేర్లే. శార్దూలం పాదంలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే మత్తేభం. 19 అక్షరాలు 20 అవుతాయి, మాత్రలు మాత్రం 30 దగ్గరే నిలుస్తాయి. గురువు దిమ్మె పొడవు లఘువు దిమ్మెకు సరిగ్గా రెట్టింపు ఉంటే వరుస పొడవు మారదు. ఆ సంగతి పిల్లల కంటికే తెలిసిపోతుంది. చంపకమాల అనే పద్యపాదంలో మొదటి రెండు లఘువుల చోట ఒక గురువు పెడితే ఉత్పలమాల వస్తుంది, అదీ ఇదే ఆట.

గణపాఠి: పులి బాగుంది, పద్యం సగమే. గురువు లఘువులైంది, లఘువు గురువయ్యిందా? నన్నడిగిన ప్రశ్నే మీకూ.

యతిప్రియ: దిమ్మెలు వెనక్కి మార్చండి, ఏనుగు మళ్ళీ పులి అవుతుంది.

గణపాఠి: అది పద్యంలో లేదు, మీ వ్యాఖ్యానంలో ఉంది. పోయినసారి సమస్యకు రాసిన కందపద్యంలోనూ ఇంతే, మూడో గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) పెట్టి ‘భావం చూడండి’ అన్నారు. రెండు మాత్రలకొక చప్పట్టు చొప్పున ఆ కందాన్ని పిల్లలతో తట్టించి ఉంటే తెలిసేది. కందంలో వచ్చే మిగతా గణాలు గగ, భ, స, నల అన్నింట్లో రెండో చప్పట్టు అక్షరం మొదట్లో పడుతుంది. జగణంలో మాత్రం గురువు నడుమన పడుతుంది. పిల్లలు అక్కడే తడబడతారు. బేసి చోట జగణం కూడదనే నియమం వాళ్ళు తమ చేతులతోనే కనిపెడతారు.

యతిప్రియ: ఆ కందం ముగిసిన కథ. ఆరో గణంలో జగణం ఉండవచ్చుగా, అక్కడ మీ పిల్లలు తడబడరా?

గణపాఠి: తడబడతారు. అందుకే అది బేసి చోటు కాదని కళ్ళు మూసుకునే చెబుతారు. నియమం ఎక్కడ ఊతమో, ఎక్కడ అడ్డమో వాళ్ళకు తెలిసిపోతుంది.

నవపద్య: కొత్తగా వచ్చాను, పెద్దలు మన్నించాలి.

తాళ మెరుగని పంతులు తడబడంగ
బాల యొక్కతె చిటికెతో బాట చూపె
అతడు బల్లపై గూర్చుండె నామె నేర్పె
లఘువు గురువయ్యె, గురువేమొ లఘువె యయ్యె

నిర్వాహకుడు: రెండు సగాలూ అతికాయి! ‘అతడు బల్లపై గూర్చుండె’ దగ్గర ఆగిపోయాను. మాత్రలూ గణాలూ ప్రస్తావించకుండానే గురులఘువులు తారుమారయ్యాయి.

యతిప్రియ: ఇద్దరి సగాలను ఎదురుగా పెట్టుకుని రాస్తే ఎవరికైనా అతుకుతుంది. అయినా చిటికె లఘువుకే సరి. చిటికెకు నిడివి లేదు కదా, గురువు రెండో మాత్ర ఏమవుతుంది? అక్షరానికొకటి చొప్పున చిటికెలు వేయిస్తే పిల్లలు అక్షరాలు లెక్కపెడతారు, మాత్రలు కాదు.

నవపద్య: లఘువుకు చిటికె. గురువుకు అరచేయి తొడ మీద వేసి, రెండో మాత్ర పూర్తయ్యేదాకా తీయకూడదు. పద్యంలో అంత చోటు లేకపోయింది.

గణపాఠి: యతిప్రియ గారి పులికి వ్యాఖ్యానం చెల్లినప్పుడు ఈమె చిటికెకు చెల్లదా?

యతిప్రియ: చెల్లుతుంది, చెల్లుతుంది. ఈ పిల్ల లఘువును ఎవరూ వేలెత్తి చూపలేరు, మీ ‘మహత్వము’ లాగా కాదు.

నిర్వాహకుడు: ఇక చాలు. గురజాడ వారి ముత్యాలసరం అనే ఛందస్సులోని మూడు, నాలుగు మాత్రల నడకను అడుగులతో నేర్పడం గురించి ఇద్దరు అడిగారు. అది వేరుగా మాట్లాడుకుందాం. వచ్చే సమస్య కందంలో ఇస్తున్నాను. యతిప్రియ గారు బేసి గణాలు తట్టి చూసుకుని పంపగలరు.