మాస్టారు దిద్దే ఫైల్: జేసన్‌లోనే ఉంచాలా, యామల్‌కు మార్చాలా?

ప్రశ్న:
నమస్తే. గ్రంథాలయాల వివరాలు చూపించే చిన్న యాప్ ఒకటి సరదాకి నడుపుతున్నాను. పేర్లు, ఫోన్ నంబర్లు, వేళలు అన్నీ ఒకే జేసన్ (డేటాను మామూలు టెక్స్ట్‌గా రాసుకునే ఒక పద్ధతి) ఫైల్‌లో ఉంటాయి. దాన్ని దిద్దేది రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన. ఓపిక ఉంది, శ్రద్ధ ఉంది, ప్రోగ్రామింగ్ మాత్రం రాదు. ఎక్కడో ఒక కామా మర్చిపోతారు, యాప్ తెల్లమొహం వేస్తుంది. పైగా నా పైథాన్ స్క్రిప్ట్ ఫైల్‌ను రాసినప్పుడల్లా తెలుగంతా బ్యాక్‌స్లాష్‌ల గోల అయిపోతోంది. అలాంటిదే మరో పద్ధతి, యామల్‌కు మారిపోనా?

జవాబు 1:
తెలుగు సంగతి తేలిక. పైథాన్‌తో జేసన్ రాసేటప్పుడు (డంప్) ఎన్ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగ్‌కు ఫాల్స్ (వద్దు), ఇండెంట్‌కు 2 ఇచ్చి, ఫైల్‌ను యూటీఎఫ్-8లో రాయండి. అక్షరాలు అక్షరాల్లాగే ఉంటాయి.
కామా పోతే ఎర్రర్ సాధారణంగా తర్వాతి లైన్ నంబరు చూపిస్తుంది. 14 అని వస్తే 13వ లైన్ చివర చూడమని మాస్టారికి చెప్పండి. చివరి ఐటమ్ తర్వాత మాత్రం కామా ఉండకూడదు. కామెంట్లకు, అంటే ప్రోగ్రాం పట్టించుకోని పక్క గమనికలకు, జేసన్‌లో చోటు లేదు. కొందరు వాటిలో పార్సర్‌కు (ఫైల్‌ను చదివే ప్రోగ్రాంకు) ఆదేశాలు రాస్తున్నారని జేసన్‌ను రూపొందించిన క్రాక్‌ఫర్డ్ కావాలనే తీసేశాడు. జేసన్‌కు పొడిగింపైన జేసన్5లో చివరి కామా, కామెంట్లు రెండూ కుదురుతాయి.

జవాబు 2:
యామల్ జోలికి వెళ్లకండి, నేను వెళ్లి మునిగాను. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040 అని రాస్తే ప్రోగ్రాంలోకి 32గా వచ్చింది! సున్నాతో మొదలైంది కాబట్టి ఆక్టల్ (ఎనిమిదిని ఆధారంగా లెక్కించే) సంఖ్య అనుకుంది. విజయవాడ 0866 మాత్రం చెక్కుచెదరలేదు, ఆక్టల్‌లో 8 అనే అంకె లేదు కదా. ఒక ఊరికి సరిగ్గా, ఇంకో ఊరికి తప్పుగా వస్తుంటే రెండు రోజులు నా కోడ్‌నే తిట్టుకున్నాను. వేళలూ అంతే: 09:30 అలాగే ఉంటుంది, 17:30 మాత్రం నిమిషాల లెక్కన 1050 అయిపోతుంది. నార్వే దేశానికి వాడే ఎన్‌ఓ అనే కోడ్‌ను ఇంగ్లిష్ ‘నో’ అనుకుని ఫాల్స్‌గా (‘కాదు’ అనే విలువగా) మార్చేసే కథ మీరు వినే ఉంటారు. 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ తిక్కలన్నీ తీసేసింది కానీ, పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ లైబ్రరీ ఇంకా పాత 1.1 పద్ధతిలోనే నడుస్తోంది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో! మరి కోట్స్‌లో పెడితే చాలదా?

జవాబు 2:
చాలుతుంది. కానీ మాస్టారు పెట్టడం మర్చిపోతే అడిగేవాళ్లు లేరు, అదీ బాధ. జేసన్ కనీసం గోల పెడుతుంది, యామల్ నోరు మూసుకుని తప్పు మింగేస్తుంది. నేను టామల్ అనే మరో పద్ధతికి మారాను. అక్కడ మాటలకు కోట్స్ తప్పనిసరి, కోట్స్ లేకుండా 040 రాస్తే ఎర్రరే. లైన్ల చివర కామాల బెడద ఉండదు. ఇలా ఉంటుంది:

[["గ్రంథాలయం"]]
"పేరు" = "శాఖా గ్రంథాలయం"
"ఎస్టీడీ" = "040"
"మూసే వేళ" = "17:30"  # ఫోన్ చేసి కనుక్కున్నాను

తెలుగు కీలకు (= గుర్తుకు ఎడమవైపు పేర్లకు) కూడా కోట్స్ కావాలి, కాస్త చిరాకే. పైథాన్ 3.11 నుంచి టామల్‌ను చదివే టామ్‌లిబ్ అనే లైబ్రరీ దానితోపాటే వస్తోంది. అది చదవడానికే పనికొస్తుంది, మీ స్క్రిప్ట్ ఫైల్‌ను తిరిగి రాయాలంటే వేరే లైబ్రరీ వేసుకోవాలి. నన్నడిగితే మాస్టారు దిద్దే ఫైల్‌ను స్క్రిప్ట్ ముట్టుకోకూడదు. దాన్ని చదివి, యాప్‌కు కావలసిన జేసన్‌ను పక్కన తయారు చేసుకోమనండి. ఎర్రర్ వస్తే పాత జేసన్‌తోనే యాప్ నడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగే చేశానండీ. మాస్టారికి అన్నిటికన్నా నచ్చింది ఆ కామెంట్లే, ప్రతి ఎంట్రీ పక్కన ఎవరిని అడిగారో రాసి పెడుతున్నారు. కానీ నిన్న మళ్లీ ఎర్రర్. కోట్స్ అన్నీ కళ్ల ముందే కనిపిస్తున్నాయి!

జవాబు 1:
వర్డ్‌లో దిద్దారేమో అడగండి. అది కోట్స్‌ను వంపు తిప్పేస్తుంది, వాటిని జేసన్, టామల్ రెండూ ఒప్పుకోవు. నోట్‌ప్యాడ్‌లో తెరవమనండి.