మూలభాష రాకుండా తులనాత్మక సాహిత్యంలో పరిశోధన చేయవచ్చా?

పరిశోధక విద్యార్థిని:
నేను తులనాత్మక సాహిత్యంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. రష్యన్ కథను, తెలుగు కథను పక్కపక్కన పెట్టి చదవాలన్నది నా అంశం. రష్యన్ రాకుండా ఈ అంశం జోలికి వెళ్లవద్దని మా గైడ్ గారు ఖండితంగా చెప్పారు. కథలు చదివేంత రష్యన్ రావాలంటే నాకు కనీసం రెండేళ్లు పడుతుంది. అప్పటికి పరిశోధన గడువులో పెద్ద భాగం గడిచిపోతుంది. ఇన్ని అనువాదాలు అందుబాటులో ఉండగా మూలభాషను నిబంధనగా పెట్టడం న్యాయమేనా? పెద్దలు, తోటి విద్యార్థులు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

అనువాదకుడు:
న్యాయం కాదనే నేను అనుకుంటున్నాను. ఈ శాస్త్రం ఊపిరి పోసుకున్నదే అనువాదాల వల్ల. 1827 జనవరిలో జర్మన్ కవి గేటే తన కార్యదర్శి ఎకర్మన్‌తో ముచ్చటిస్తూ విశ్వసాహిత్య యుగం రాబోతున్నదని అన్నప్పుడు, ఆ మాటకు ప్రేరణ అనువాదంలో చదివిన ఒక చైనా నవల. ఆయనను పరవశింపజేసిన శాకుంతలం ఇంకా చుట్టుదారిన వచ్చింది: ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ సంస్కృతాన్ని ముందు లాటిన్‌లోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి 1789లో ప్రచురించగా, ఆ ఇంగ్లీషు నుంచి జర్మన్ రచయిత ఫోర్‌స్టర్ 1791లో జర్మన్ చేశాడు. ఇన్ని వడపోతలు దాటిన తరువాత కూడా కాళిదాసు గేటేను కదిలించగలిగాడు.

అమెరికా తులనాత్మక సాహిత్య సంఘం కూడా మెత్తబడింది. లెవిన్, గ్రీన్ పేర్ల మీద 1965లోనూ 1975లోనూ వెలువడిన నివేదికలు మూలంలోనే చదవాలని పట్టుబట్టాయి. 1993 నాటి బర్న్‌హైమర్ నివేదిక మాత్రం అనువాదం పట్ల పాత వైరాన్ని తగ్గించుకోవాలని కోరింది. ఒక మనిషి ప్రపంచ సాహిత్యమంతా చదవలేడు కనుక ఇతరుల పరిశోధనల ఆధారంగా దూరం నుంచి చదవడమే మార్గమని 2000లో సాహిత్య విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి వాదించారు.

అధ్యాపకురాలు:
అనువాదకుడు గారు చెప్పిన చరిత్ర సరైనదే, దాని మీద వారు ఇచ్చిన తీర్పుతోనే నేను ఏకీభవించలేను. గేటే శాకుంతలాన్ని చదివి ఆనందించాడే తప్ప కాళిదాసు భాష మీద సిద్ధాంత వ్యాసం రాయలేదు. బర్న్‌హైమర్ నివేదిక అనువాదాన్ని తరగతి గదిలోకి రానిచ్చింది గాని భాషలు నేర్చుకోనక్కరలేదని అనలేదు. మొరెట్టి పద్ధతి సైతం ఎవరో మూలంలో చదివి రాసిపెట్టిన పరిశోధనల మీదే నడుస్తుంది.

విద్యార్థిని గారి అంశాన్నే తీసుకుందాం. మన 'నువ్వు', 'మీరు' లాగే రష్యన్‌లోనూ 'తి', 'వి' అని రెండు సంబోధనలు ఉన్నాయి. కథలో ఇద్దరు మనుషులు 'వి' అని పిలుచుకుంటూ పిలుచుకుంటూ ఒకచోట 'తి' లోకి జారితే, వారి మధ్య జరిగిందంతా ఆ జారడంలోనే తెలిసిపోవచ్చు. ఇంగ్లీషులో రెండింటికీ 'యూ' ఒక్కటే గనుక, ఆ ఇంగ్లీషు మీదుగా తెలుగు చేసినవారు వయసును బట్టి, హోదాను బట్టి, చనువును బట్టి ఎక్కడ ఏది వాడాలో ఊహించుకోవలసిందే. మూలంలోనూ తెలుగులోనూ ఉన్న తేడా మధ్య భాషలో లేక మాసిపోయిందన్న మాట.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. 'మేము', 'మనం' అన్న భేదం రష్యన్‌లో లేదు. కథకుడు 'మనం' అంటే పాఠకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నట్టు, 'మేము' అంటే గడప అవతల నిలబెట్టినట్టు. రష్యన్ కథ తెలుగులోకి వచ్చినప్పుడు ఆ నిర్ణయం రచయితది కాదు, అనువాదకుడిది. ఇది గమనించని పరిశోధకుడు అనువాదకుడి ఎంపికను రచయిత శిల్పంగా భావించి, దాని మీద ఒక అధ్యాయమే కట్టవచ్చు. అలాంటి అధ్యాయాలను పరీక్షకురాలిగా నేను చదివాను. ఎంతో శ్రమపడి రాసినవి, పునాది లేనివి. వాటిని తిప్పి పంపినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అయినా మీ గైడ్ గారి మాట ప్రతి ప్రశ్నకూ ఒకే విధంగా వర్తించదు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు సోవియట్ కాలంలో తెలుగులో వేసిన పుస్తకాల నుంచి మన కథకులు ఏం తీసుకున్నారన్నది మీ ప్రశ్న అయితే, వారి చేతిలో ఉన్నది తెలుగు అనువాదమే కనుక మీకూ అదే మూలం. కథకుడి గొంతు గురించి, వాక్యం నడక గురించి ఒక్క పేజీ రాయదలచుకున్నా, ఆ పేజీకి ఆధారమైన కథను రష్యన్‌లో చదివి తీరాలి.

మరొక పరిశోధకుడు:
ఒక్క మాట చేర్చాలి. ఈ శాస్త్రంలో 'భాషలు రావాలి' అంటే చాలాకాలం ఫ్రెంచి, జర్మన్ వంటి పశ్చిమ యూరప్ భాషలు రావాలనే అర్థం. దక్షిణార్ధగోళపు భాషలను సజీవ సాంస్కృతిక మాధ్యమాలుగా భావించి నేర్చుకోవాలని సాహిత్య సిద్ధాంతకర్త గాయత్రి చక్రవర్తి స్పివాక్ 2003లో గట్టిగా కోరారు. మనదేశంలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 1956లోనే బెంగాలీ కవి బుద్ధదేవ్ బోస్ చేతుల మీదుగా ఈ శాఖను ప్రారంభించింది. తెలుగు, తమిళం, సంస్కృతం మూలంలో చదవగలిగినవారిని రెండు యూరప్ భాషలు రావన్న కారణంతో వెనక్కి నెట్టే నిబంధన ఎక్కడ ఉన్నా నేను వ్యతిరేకిస్తాను. భాషే అక్కరలేదనడాన్ని అంతకంటే ఎక్కువగా వ్యతిరేకిస్తాను.

పరిశోధక విద్యార్థిని:
రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేసుకున్నానని ఇప్పుడు అర్థమైంది. తెలుగు కథకులు చదివిన అనువాదాలను ప్రధానాంశంగా పెట్టుకుని, చివరి అధ్యాయంలో మూడు నాలుగు కథలను మాత్రం రష్యన్‌లో చదువుతానని గైడ్ గారికి ప్రతిపాదిస్తాను. ఒక సందేహం మిగిలింది. అనువాదం నేరుగా వచ్చిందో ఇంగ్లీషు మీదుగా వచ్చిందో పుస్తకంలో చెప్పనప్పుడు ఎలా తేల్చుకోవాలి?

అధ్యాపకురాలు:
సంబోధనలనే చూడండి. రష్యన్‌లో 'వి' నుంచి 'తి'కి మారిన చోటల్లా తెలుగులోనూ 'మీరు' నుంచి 'నువ్వు'కు మారితే, అనువాదకుడి ముందు రష్యన్ పుస్తకం ఉండి ఉండవచ్చు. పదే పదే తప్పితే ఇంగ్లీషును అనుమానించాలి. ఇదొక్కటే రుజువు కాదు, పేర్లు రాసిన తీరు కూడా కలిపి చూడండి. ఈ పరీక్షకు రష్యన్ అక్షరాలు, సర్వనామాలు, క్రియారూపాలు కొన్ని వస్తే చాలు. అక్కడ మొదలుపెట్టండి.