డిమెన్షియా పేషెంట్లను చూసుకునే కుటుంబాలకు శిక్షణ: ఈ ప్రాజెక్టుకు ప్రభుత్వ గ్రాంటు ఎక్కడ అడగాలి? (నెల్లూరు జిల్లా)

పెన్నాతీరం:

అందరికీ నమస్కారం. నెల్లూరులోని ఒక మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం, ఉదయగిరి వైపు వృద్ధుల కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కలిసి ప్రాజెక్టు రాస్తున్నాం. డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేది ఎక్కువగా కోడళ్లు, భార్యలే. ఆశాలు, ఏఎన్ఎంలు ఇళ్లకు వెళ్లి వాళ్లకు శిక్షణ ఇస్తే భారం తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. మందుల ట్రయల్ కాదు, ల్యాబ్ పని లేదు.

ఇలాంటి దానికి ప్రభుత్వ డబ్బు ఎక్కడ దొరుకుతుంది? సంస్థ పేరు మీద అడగాలా, కాలేజీ పేరు మీద అడగాలా? ప్రపోజల్స్ సాధారణంగా ఎక్కడ దెబ్బతింటాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గుండ్లకమ్మ:

అడిగేది ఎవరన్నది ముందు తేల్చుకోండి, టాపిక్ సంగతి తర్వాత. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) బయటి సంస్థలకు ఇచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటుకు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే ప్రాజెక్టు బాధ్యుడైన పరిశోధకుడు, తన సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. స్వచ్ఛంద సంస్థ సొంతంగా అప్లై చేయాలంటే డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ) గుర్తింపు పత్రం జత చేయాలి. అది లేని సంస్థ గుర్తింపు కోసం పరుగెత్తే బదులు కాలేజీని ముందు పెట్టి తను భాగస్వామిగా ఉండటం మేలు. ఫీల్డు పని, ఊళ్లలో నమ్మకం సంస్థవి. ఖాతా, ఎథిక్స్ కమిటీ, ఆడిట్ కాలేజీవి. ఎవరి వాటా ఏమిటో ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) రాసుకుని ప్రపోజల్‌కు జత చేయండి. కాలేజీ ప్రభుత్వానిదైతే బదిలీల బెడద ఉంటుంది కాబట్టి అదే కాలేజీ నుంచి కో-ఇన్వెస్టిగేటర్‌గా ఇంకొకరిని తప్పకుండా పెట్టండి.

ఇక పథకాలు. మీ పనికి సూటిగా సరిపోయేది ఐసీఎంఆర్ స్మాల్ గ్రాంటు, 2 కోట్ల రూపాయల లోపు. ఇంటర్మీడియట్ గ్రాంటు 2 నుంచి 8 కోట్లు, దానికి అనేక కేంద్రాలు కలిసిన బృందం కావాలి, ఇప్పుడే అటు వెళ్లొద్దు. అప్లికేషన్ ఐసీఎంఆర్ వారి ఈపీఎంఎస్ పోర్టల్‌లోనే. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, కాల్ (దరఖాస్తులకు పిలుపు) వచ్చినప్పుడే. అందుకే కాల్ రాకముందే ప్రపోజల్ చిత్తుప్రతి, జిల్లా అధికారుల లెటర్లు చేతిలో ఉండాలి. ఇంప్లిమెంటేషన్ రీసెర్చ్ (తెలిసిన పద్ధతిని ఊళ్లలో ఎలా అమలు చేయాలన్న పరిశోధన) మీద ఐసీఎంఆర్ విడిగా ఇచ్చే కాల్స్ కూడా గమనించండి, మీది అచ్చంగా ఆ కోవలోదే.

తక్కినవి త్వరగా చెప్తాను. డీఎస్టీలో (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలో) 2008 నుంచి కాగ్నిటివ్ సైన్స్ రీసెర్చ్ ఇనిషియేటివ్ ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలు, స్క్రీనింగ్ సాధనాలు తయారుచేసేవాళ్లు అటు చూడాలి. అదే డీఎస్టీలో టైడ్ అనే పథకం దివ్యాంగులకు, వృద్ధులకు పనికొచ్చే పరికరాల కోసం. ఇల్లు వదిలి వెళ్లిపోయే పేషెంట్‌కు అలారం లాంటిది చేస్తే అక్కడ అడగొచ్చు. బయోటెక్నాలజీ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు 50 లక్షల వరకు, 18 నెలలకు, స్టార్టప్‌ల కోసం. సామాజిక న్యాయ శాఖ వారి సేజ్ ఒక్కో స్టార్టప్‌కు కోటి రూపాయల దాకా ఇస్తుంది గానీ అది ఈక్విటీ (కంపెనీలో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడి), గ్రాంటు అనుకోకండి. ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనలకు నిధులిచ్చే జాతీయ సంస్థ) వారి ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్లకు 60 లక్షలు. సైన్స్, ఇంజినీరింగ్ వైపు కొత్తగా చేరిన అధ్యాపకులకు మంచిదే, మీ ప్రశ్నకు మాత్రం అతకదు.

విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో ఒంగోలు ఆంధ్ర కేసరి యూనివర్సిటీలోనో సోషల్ వర్క్, ఎకనామిక్స్ వాళ్లు కలిస్తే ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) వారి ప్రాజెక్టులు ఉన్నాయి. పేషెంట్‌ను చూసుకోవడానికి ఆడవాళ్లు ఎన్ని పనిదినాలు పోగొట్టుకుంటున్నారు, ఇంటి ఖర్చు ఎంత పెరుగుతోంది అనే ప్రశ్నలకు అదే సరైన చోటు. మీ ట్రయల్‌ను మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి.

కావలిరైలు:

గుండ్లకమ్మ గారు డబ్బు సంగతి చెప్పారు, నేను డిజైన్ గురించి రాస్తాను. ఎక్కువ ప్రపోజల్స్ పడిపోయేది ఇక్కడే.

నేపథ్యానికి లాసీ-డ్యాడ్ (వృద్ధుల్లో డిమెన్షియా మీద జరిగిన జాతీయ అధ్యయనం) అంకెలు వాడండి. 2023లో వచ్చిన ఆ అంచనా ప్రకారం దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పల్లెల్లో 8.4, పట్టణాల్లో 5.3 శాతం. ఆడవాళ్లలో 9.0, మగవాళ్లలో 5.8. ఇవి దేశం మొత్తానివి. "నెల్లూరు జిల్లాలో 8.4 శాతం" అని రాస్తే రివ్యూయర్ అక్కడే పెన్ను పెడతాడు.

రెండోది, "గోవాలో 2008లోనే చేశారు కదా, మీరు కొత్తగా చేసేదేమిటి?" అని తప్పకుండా అడుగుతారు. ఆ ట్రయల్‌లో 81 కుటుంబాలు. ఈ పనికోసమే తీసుకున్న హోమ్ కేర్ అడ్వైజర్లు ఇళ్లకు వెళ్లారు. చూసుకునేవాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగైంది, కానీ జారిట్ (చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచే ప్రశ్నావళి) భారం స్కోరులో తేడా గణాంకపరంగా నిలబడలేదు. మీకు ఇందులో రెండు విషయాలున్నాయి. మీ కొత్తదనం శిక్షణలో లేదు, అప్పటికే పది పనులు నెత్తిన ఉన్న ఆశా ఈ పని చేయగలదా అన్నదాంట్లో ఉంది. కాబట్టి ఒక్కో విజిట్‌కు పట్టిన సమయం, ఎన్ని విజిట్లు అనుకుంటే ఎన్ని జరిగాయి, ఎందుకు ఆగాయి అన్నవి కూడా కొలవండి. ఇక జారిట్ ఒక్కదాన్నే ప్రైమరీ అవుట్‌కమ్‌గా పెట్టే ముందు బాగా ఆలోచించండి.

శాంపిల్ సైజు చూద్దాం. 0.5 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) తేడా పట్టుకోవాలంటే 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే అది బయటపడే అవకాశం) ఒక్కో ఆర్మ్‌కు, అంటే ట్రయల్‌లోని ఒక్కో గుంపుకు, 64 మంది. కానీ శిక్షణ ఇచ్చేది ఊరి ఆశా కాబట్టి ర్యాండమైజ్ చేయాల్సింది (లాటరీ పద్ధతిలో గుంపుకు కేటాయించాల్సింది) ఊరినే, మనిషిని కాదు. ఒక్కో సచివాలయం పరిధిలో 8 కుటుంబాలు, ఐసీసీ (ఒకే ఊరివాళ్ల ఫలితాలు ఎంత పోలి ఉంటాయో చెప్పే అంకె) 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్, అంటే శాంపిల్‌ను ఎన్ని రెట్లు చేయాలో, 1.35. 64 కాస్తా 87 అవుతుంది. నూటికి 15 మంది మధ్యలో తప్పుకుంటారనుకుంటే 103. ఎనిమిదేసి చొప్పున ఆర్మ్‌కు 13 సచివాలయాలు, మొత్తం 26. అంతమంది దొరుకుతారా? సచివాలయానికి సుమారు 2,000 జనాభా, అందులో నూటికి 12 మంది 60 దాటినవాళ్లు అనుకుంటే 240 మంది. 8.4 శాతం లెక్కన 20 మంది పేషెంట్లు. వాళ్లలో సగం మంది ఒప్పుకున్నా మీకు కావాల్సిన 8 దాటుతుంది. ఈ లెక్కంతా ప్రపోజల్లో ఇలాగే విప్పి చూపించండి.

పేషెంట్లను గుర్తించడం రెండు మెట్లలో చేయాలి. ఆశాలు నింపే సీబీఏసీ అనే ఆరోగ్య చెక్‌లిస్టు ఫారంలో 60 దాటినవాళ్లకు ఒక ప్రశ్న ఉంది, సొంతవాళ్ల పేర్లు గానీ ఇంటి అడ్రసు గానీ మర్చిపోతున్నారా అని. జాబితా మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది, దాని మీదే ఆధారపడితే బాగా ముదిరిన కేసులే దొరుకుతాయి. ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నావళి తోడు పెట్టండి. "మతిమరుపు ఉందా" అంటే "వయసు మీదపడింది కదా" అని తేల్చేస్తారు. పింఛను డబ్బు లెక్క పెట్టుకోగలుగుతున్నారా, పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతున్నారా, తెలిసిన వీధిలోనే దారి తప్పారా, అన్నం తిన్నాక మళ్లీ తినలేదంటున్నారా అని ఒక్కోటి విడివిడిగా అడగాలి. రెండో మెట్టులో డాక్టరు చూసి నిర్ధారించాలి.

పరీక్షల విషయంలో ఐసీఎంఆర్ న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ (జ్ఞాపకశక్తి, ఆలోచనను చూసే పరీక్షల సెట్) తెలుగులో ఉంది. హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంతో పాటు తయారుచేశారు. అది ఉండగా ఎంఎంఎస్ఈని (డిమెన్షియాకు వాడే చిన్న ప్రశ్నల పరీక్షను) మీరే తెలుగులోకి మార్చుకుని వాడకండి. దానికి కాపీరైట్ ఉంది, పైగా వాక్యం రాయమనే ప్రశ్న బడికి వెళ్లని అవ్వకు అన్యాయం చేస్తుంది. చెవుడు, శుక్లాలు ముందే చూడండి. మాట వినపడక జవాబు చెప్పలేని మనిషి స్కోరు డిమెన్షియా స్కోరులాగే కనిపిస్తుంది. డిప్రెషన్, బీ12, థైరాయిడ్ కూడా నిర్ధారణకు ముందే చూడాలి, వాటి ఖర్చు బడ్జెట్లో ఉండాలి.

పెన్నాతీరం:

చాలా ఉపయోగంగా ఉందండీ. ఒకటి అడగాలి. పేషెంట్ సంతకం పెట్టే స్థితిలో ఉండరు కదా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుందా? బడ్జెట్ ఎలా వేయాలో కూడా చెప్పండి.

మైపాడు:

ఒప్పుకుంటుంది, పద్ధతి సరిగ్గా రాస్తే. ఐసీఎంఆర్ 2017 ఎథికల్ గైడ్‌లైన్స్ ప్రకారం, అర్థం చేసుకుని ఒప్పుకునే శక్తి లేనివారి తరఫున చట్టబద్ధ ప్రతినిధి అనుమతి ఇవ్వాలి, పేషెంట్ తనకు తెలిసినంతలో సరేననాలి. ఆయన మొహం తిప్పుకుంటే, చేయి విదిలిస్తే దాన్ని నిరాకరణగా తీసుకుంటామని ప్రొటోకాల్లో రాయండి. డిమెన్షియా ఉన్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోలేని స్థితిలో ఉండరు. తొలి దశలో ఉన్నవాళ్లను వాళ్లనే అడగాలి. అడిగింది తిరిగి తన మాటల్లో చెప్పించుకుని ఆ శక్తి ఉందో లేదో నమోదు చేయండి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి. మీ స్టడీలో కోడలు కూడా పాల్గొనే వ్యక్తే. మామగారి తరఫున ఆమె పెట్టిన సంతకం ఆమె సొంత అనుమతి అయిపోదు. రెండు ఫారాలు కావాలి. ఇంటర్వ్యూ కూడా అత్తగారి ఎదుట కాకుండా విడిగా చేయాలి, లేకపోతే భారం ప్రశ్నలన్నిటికీ "ఏమీ కష్టం లేదు" అనే జవాబే వస్తుంది. వేలిముద్ర వేసేచోట స్టడీకి సంబంధం లేని సాక్షి ఉండాలి. కంట్రోల్ ఆర్మ్ కుటుంబాలకు స్టడీ అయ్యాక అదే శిక్షణ ఇస్తామని రాయండి, కమిటీ మొదట అడిగేది అదే.

పెద్దాయన్ని కొట్టిన గుర్తులు కనపడితే, చూసుకునే ఆమె చచ్చిపోవాలనిపిస్తోందని అంటే మీ ఫీల్డు వర్కర్ ఏం చేయాలో ఒక పేజీలో రాసి జత చేయండి. ఎల్డర్ లైన్ (వృద్ధుల హెల్ప్‌లైన్) 14567, టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, మీ జిల్లా సైకియాట్రిస్ట్‌కు రిఫరల్, ఎవరికి ఎన్ని గంటల్లో చెప్పాలి, అన్నీ ఉండాలి.

కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ 2019 రూల్స్ ప్రకారం ఎథిక్స్ కమిటీకి డీహెచ్‌ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ) వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ కమిటీ ధ్రువపత్రం గడువు ఇవాళే చూసుకోండి. మొదటి కుటుంబాన్ని చేర్చకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కావాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి వెనకటి తేదీతో నమోదు ఒప్పుకోవడం లేదు. విదేశీ భాగస్వామి గానీ డబ్బు గానీ ఉంటే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి అదనం.

గుండ్లకమ్మ:

బడ్జెట్ గురించి. జీతాలు మీ ఇష్టం వచ్చినట్టు వేయకూడదు, ఐసీఎంఆర్ ప్రాజెక్టు స్టాఫ్ స్కేలు ఉంది. నాన్ మెడికల్ రీసెర్చ్ సైంటిస్ట్-1కు నెలకు 56,000, టెక్నికల్ సపోర్ట్-3కి 28,000, వీటికి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అదనం. ఒక సైంటిస్టు, నలుగురు ఫీల్డు స్టాఫ్ అనుకుంటే నెలకు 1,68,000, మూడేళ్లకు 60 లక్షల 48 వేలు, ఇంకా హెచ్‌ఆర్‌ఏ. హెచ్‌ఆర్‌ఏ లెక్కలో నెల్లూరు వై క్లాస్ సిటీ, ఒంగోలు జెడ్. రెండు జిల్లాల్లో స్టాఫ్ ఉంటే హెచ్‌ఆర్‌ఏ వేర్వేరుగా వేయండి.

ఆశాలకు ప్రాజెక్టు నుంచి ఇన్సెంటివ్ ఇవ్వాలంటే ముందు ఆరోగ్యశాఖ అనుమతి కావాలి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) లెటర్‌తో మొదలుపెట్టి రాష్ట్ర స్థాయి దాకా వెళ్లాలి, దానికి నెలలు పట్టొచ్చు. లెటర్ లేకుండా "ఆశాల ద్వారా చేయిస్తాం" అని రాయడం ఖాళీ మాట, రివ్యూయర్లకు అది బాగా తెలుసు.

డబ్బు ఏ పద్ధతిలో వస్తుందో శాంక్షన్ లెటర్లో చూడండి. ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతి అయితే మీకు వచ్చేది ఖర్చు పరిమితే, మార్చి 31 నాటికి వాడనిది పోతుంది. ట్యాబ్‌లు, టెస్ట్ కిట్లు ఫిబ్రవరి దాకా సాగదీయకండి. బ్యాంకు ఖాతాలో వచ్చే పద్ధతి అయితే దాని మీద వచ్చిన వడ్డీ తిరిగి కట్టాలి. జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు) 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల స్టేట్‌మెంట్ ఆలస్యమైతే రెండో విడత ఆగుతుంది. అప్పుడు మొదట పోయేది బాగా శిక్షణ పొందిన ఫీల్డు స్టాఫ్, మళ్లీ కొత్తవాళ్లకు పరీక్షలు నేర్పడానికి మూడు నెలలు పోతాయి.

కావలిరైలు:

గాంట్ చార్టులో (ఏ నెలలో ఏ పని అని చూపే పట్టికలో) మన జిల్లా క్యాలెండర్ వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, మనకు అసలు వానలు అప్పుడే. బేస్‌లైన్ (మొదటి సర్వే) అక్కడ పెడితే ఇంటింటి పని కుంటుపడుతుంది. కందుకూరు, సింగరాయకొండ వైపు జనవరి నుంచి పొగాకు బ్యారన్ల పని, చూసుకునే ఆడవాళ్లు పగలు ఇంట్లో దొరకరు. నెల మొదటి తారీఖున సచివాలయం సిబ్బంది పింఛన్ల పంపిణీలో ఉంటారు, ఆ రోజు వాళ్లతో ఏ పనీ పెట్టుకోవద్దు.

మైపాడు:

పైలట్ డేటా లేకపోతే ఒక దారి ఉంది. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ (విద్యార్థుల స్వల్పకాలిక పరిశోధన పథకం) కింద రెండు నెలల ప్రాజెక్టు, స్టైపెండ్ 50,000. మీ గైడ్‌షిప్‌లో ఒకరు తెలుగు ప్రశ్నావళిని ఒకే ఇంట్లో ఇద్దరు ఇంటర్వ్యూయర్లు విడివిడిగా అడిగితే జవాబులు కలుస్తున్నాయా అని చూడొచ్చు, ఇంకొకరు ఒక్కో ఇంటర్వ్యూకు ఎంతసేపు పడుతుందో తేల్చవచ్చు. రెండు నెలల్లో అంతకు మించి పెట్టుకోవద్దు. వీటికీ ఎథిక్స్ అనుమతి కావాలి. పైలట్ చేసిన సచివాలయాలను అసలు ట్రయల్ జాబితా నుంచి తీసేయండి, అక్కడి ఆశాలకు ప్రశ్నలు ముందే తెలిసిపోయి ఉంటాయి.