షంట్ ఆపరేషన్ అయ్యాక ప్రతిసారీ సీటీ తీయించాలా?

దేవరకొండ మేనమామ:
మా మేనల్లుడికి పన్నెండేళ్లు. లివర్ బాగానే ఉంది, దానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర చిన్నప్పుడే మూసుకుపోయింది. దాంతో ఆహారనాళంలో సిరలు ఉబ్బి రక్తపు వాంతులు అయ్యేవి, ఆ సిరలకు బ్యాండ్లు వేసినా ఆగలేదు. హైదరాబాద్‌లో స్ప్లీన్ తీసేసి, దాని సిరను ఎడమ కిడ్నీ సిరకు కలిపారు, ఈ కలిపిన దారినే షంట్ అంటున్నారు. మొన్న నల్లగొండలో డాప్లర్ (రక్తం పారడం చూసే అల్ట్రాసౌండ్) చేయిస్తే 'షంట్ సరిగా కనపడలేదు' అని రాశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. సీటీ తీయించమని బావ, పిల్లగాడికి అంత రేడియేషన్ ఎందుకని అక్క. ఎవరి మాట వినాలి?

పాలమూరు సీటీ టెక్నీషియన్:
కనపడలేదంటే మూసుకుపోయినట్టు కాదన్నా. షంట్ లోతుగా ఉంటుంది, ముందు పేగుల్లో గ్యాస్ అడ్డమొస్తే డాప్లర్‌కు చిక్కదు. సీటీలో మందు ఎక్కించిన 60-70 సెకన్లకు తీస్తే సిరలన్నీ తెలుస్తాయి. ఆరు నెలలకోసారి సీటీయే మేలంటాను.

సర్జరీ పీజీ:
ఆరు నెలల మాట ఒప్పుకోను. ఈ పిల్లలకు ఏళ్ల తరబడి ఫాలోఅప్ ఉంటుంది, డోసు పేరుకుపోతుంది. ఆపరేషన్‌కు ముందైతే సీటీ తీయాల్సిందే. స్ప్లీన్ సిర ఎంత లావుంది, అందులో రక్తం గడ్డకట్టి ఉందా, ఎడమ కిడ్నీ సిర అందరికీ ఉన్నట్టు బృహద్ధమని ముందు నుంచి పోతోందా, కొందరికి ఉన్నట్టు వెనక నుంచా? ఇవి పొట్ట తెరిచాక తెలిస్తే ఏం లాభం? స్ప్లీన్ సిర పనికిరాకపోతే పేగుల సిరను కలిపే దారి వెతకాలి. తర్వాత మాత్రం మొదట డాప్లర్, ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలు తగ్గాయో లేదో చూడటం. ఇంకో మాట, ప్లేట్‌లెట్లు పెరిగాయని నిశ్చింతగా ఉండొద్దు. స్ప్లీన్ తీసేస్తే షంట్ మూసుకున్నా అవి పెరుగుతాయి.

మిర్యాలగూడ అమ్మ:
ఎమ్మారైలో రేడియేషన్ ఉండదుగా?

పాలమూరు సీటీ టెక్నీషియన్:
ఉండదమ్మా. కానీ చాలాసేపు కదలకుండా పడుకోవాలి, చిన్నపిల్లలకైతే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. పీజీ సార్, డోసు తప్పంతా మిషన్ మీద వేయకండి. షంట్ చూడటానికి ఒక్క ఫేజ్ (మందు ఎక్కించాక ఒక విడత తీసే స్కాన్) చాలన్నచోట మూడు ఫేజ్‌లు రాసి పంపేది మీవాళ్లే.

సర్జరీ పీజీ:
అది నిజమే, చీటీలో అడగాల్సిన ప్రశ్న రాయరు. మేనమామ గారూ, మీ విషయంలో డాప్లర్ తేల్చలేదు కాబట్టి ముందు అనుభవమున్న రేడియాలజిస్ట్‌తో ఉదయం పరగడుపున మళ్లీ చేయించండి. అప్పుడూ తేలకపోతే సీటీ, పోర్టల్ ఫేజ్ (పైన చెప్పిన 60-70 సెకన్లది) ఒక్కటే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, పాత సీటీ సీడీ, ఆపరేషన్ నోట్స్ పట్టుకెళ్లండి. ఈలోగా రక్తపు వాంతి గానీ నల్లటి విరేచనం గానీ అయితే స్కాన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.